కొత్త పార్ట్స్, పాత బ్లాక్, లేని కొలతలు: ఒక అంబాసిడర్ 1489 ఇంజన్ కేస్

నేపథ్యం

చిత్తూరులో ఒక కుటుంబం దగ్గర 1970ల నాటి అంబాసిడర్ ఉంది. యజమాని ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాం, ఇంజన్ వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాం. లోపలున్నది 1489 సి.సి. పెట్రోల్ ఇంజన్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3లో వాడిన బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ అది: బోర్ (సిలిండర్ వెడల్పు) 73.025 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 88.9 మి.మీ., క్రాంక్ షాఫ్ట్‌ను మోసే మూడు మెయిన్ బేరింగులు, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. చాలా ఏళ్లు పొగ వదులుతూ తిరిగి చివరికి షెడ్డులో ఆగిపోయింది.

ఇంజన్ పని చేయించాలనుకున్నప్పుడు వాళ్లు ఊళ్ళో మేస్త్రీని అడగలేదు. పాత కార్ల ఇంజన్లు చేసి, వీడియోలు పెట్టి, లారీ ట్రాన్స్‌పోర్టులో పంపించే ఒక కుర్రాడిని ఆన్‌లైన్‌లో చూసి, వేరే రాష్ట్రంలో ఉన్న అతని దగ్గరికి ఇంజన్ పంపారు. లక్షకు పైగా ఖర్చయింది. తిరిగొచ్చిన ఇంజన్ చూడ్డానికి ముచ్చటగా ఉంది. బ్లాక్‌కు కొత్త పెయింట్, పాలిష్ చేసిన రాకర్ కవర్ (ఇంజన్ పై మూత), కొత్త హోస్ క్లిప్పులు. దాంతోపాటు ఒక వీడియో కూడా వచ్చింది. అందులో స్టాండు మీద ఇంజన్ ఐడిలింగ్‌లో తిరుగుతుంటే రాకర్ కవర్ మీద నిలబెట్టిన రూపాయి బిళ్ళ పడకుండా అలాగే ఉంటుంది. ఆ వీడియో సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది.

అతను మోసగాడు కాడు. పిస్టన్లు, రింగులు, షెల్స్ (బేరింగు రేకులు), గాస్కెట్లు అన్నీ మంచివే కొన్నాడు, బిల్లులు కూడా పంపాడు. పాత కార్ల వాళ్ళు నలుగురు చేరితే 'ఈ వీడియో మేస్త్రీలు బండ్లు పాడు చేస్తున్నారు' అని తిట్టుకోవడం మామూలైపోయింది. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఏది, ఎందుకు పాడైందో కొలతలతో చూపించకపోతే ఆ తిట్ల వల్ల ఎవరికీ ఏమీ అందదు.

వచ్చిన ఫిర్యాదు

కొత్త ఇంజన్ ఆరేడు వందల కిలోమీటర్లు కూడా తిరగలేదు. వేడెక్కాక ఐడిలింగ్‌లో ఆయిల్ లైటు మిణుకుతోంది. దిగువకు వచ్చాక యాక్సిలరేటర్ తొక్కితే నీలం పొగ. గేరులో లోడు పడ్డప్పుడు కింద నుంచి 'దబ్ దబ్' శబ్దం. తిరుపతి నుంచి పీలేరు వైపు వెళ్తూ భాకరాపేట ఘాట్ ఎక్కితే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోతోంది. ఇవి కాక, యజమాని పెద్దగా పట్టించుకోకుండా చెప్పిన మాట ఒకటుంది: క్లచ్ తొక్కితే ఇంజన్ శబ్దం మారుతోందని. మాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది అదే.

మా షాపుకు రాకముందే రెండు చోట్ల చూపించారు. ఒకచోట 20డబ్ల్యూ-50 ఆయిల్ తీసేసి ఇంకా చిక్కటిది పోసి, పైన ఒక ట్రీట్‌మెంట్ డబ్బా కలిపారు. ఇంకోచోట ఆయిల్ రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసేది) స్ప్రింగు కింద వాషర్ పెట్టారు, వేడి తగ్గాలని థర్మోస్టాట్ పీకేశారు. అన్నీ లక్షణాన్ని కప్పిపుచ్చే పనులే. వాషర్ వల్ల చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ పెరిగినట్టు కనిపిస్తుంది. బేరింగు సందులోంచి ఆయిల్ కారిపోతుంటే రిలీఫ్ వాల్వ్ ఎలాగూ మూసుకునే ఉంటుంది, దాని స్ప్రింగును బిగించినందువల్ల వేడి ఇంజన్‌కు ఒరిగేదేమీ లేదు. థర్మోస్టాట్ తీసేస్తే పొద్దున ఇంజన్ వేడెక్కడం ఆలస్యమవుతుంది. ఘాట్ మీద మాత్రం అదే కథ.

విప్పకముందు చూసినవి

ఇంజన్ దించాలని మొదటే అనిపించినా దించలేదు. ఒకసారి విప్పితే వేడి మీద ప్రెషర్ ఎంత, ఏ సిలిండర్‌లో శబ్దం అన్నవి ఇక తెలుసుకోలేం. ముందు వాషర్ తీసేసి, మామూలు స్ప్రింగు వేసి, మామూలు 20డబ్ల్యూ-50 పోసి, లైటును నమ్మకుండా మెకానికల్ గేజ్ తగిలించాం. చల్లగా ఉన్నప్పుడు 55 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు). బాగా వేడెక్కాక 2000 ఆర్‌పీఎం దగ్గర 22, ఐడిలింగ్‌లో 5. ఈ ఇంజన్‌కు వేడి మీద పరుగులో 50 చుట్టూ ఉండాలి, ఐడిలింగ్‌లో 15కి తగ్గకూడదు.

సిలిండర్ల కంప్రెషన్ వరసగా 125, 120, 85, 110 పి.ఎస్.ఐ. వచ్చింది. ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే నాలుగూ పెరిగాయి, మూడోది అన్నిటికన్నా ఎక్కువ. అంటే లీకు వాల్వుల్లో కాదు, రింగుల్లో. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో ప్లగ్ వైరు తీసి చూస్తే మూడోది తీసినప్పుడు 'దబ్' శబ్దం సగానికి తగ్గింది. అది మూడో బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ను పట్టుకునే చోటు). క్రాంక్ పుల్లీ ముఖానికి డయల్ గేజ్ ఆనించి క్లచ్ తొక్కిస్తే ముల్లు 0.42 మి.మీ. కదిలింది. ఈ ఇంజన్‌లో క్రాంక్ ముందుకూ వెనక్కూ కదలాల్సింది (ఎండ్ ప్లే) 0.05 నుంచి 0.08 మి.మీ. మాత్రమే. క్లచ్ తొక్కితే శబ్దం ఎందుకు మారుతోందో తేలింది.

వేడి సంగతికి ఇంకా చిన్న పరీక్ష చాలింది. బ్లాక్ వెనక పక్కనున్న డ్రెయిన్ ట్యాప్ పూర్తిగా తిప్పినా చుక్క నీళ్ళు రాలేదు. రేడియేటర్ నిండుగా ఉంది. ట్యాప్ రంధ్రంలో గట్టి తీగ పెట్టి పొడిస్తే గోధుమరంగు బురద, దాని వెనక కొంచెం కొంచెంగా నీళ్ళు. మన బోరు నీళ్ళలో ఉన్న సున్నం, బ్లాక్ తుప్పు కలిసి దశాబ్దాలుగా పేరుకున్న మడ్డి అది. బయట పెయింట్ వేసినవాడు కోర్ ప్లగ్గులు (బ్లాక్‌లో నీటి గదులకున్న మూతలు) ఊడదీయలేదు, వాటి మీదే పెయింట్ కొట్టేశాడు.

ఆయిల్ ఫిల్టర్ ఎలిమెంట్ కోసి మడతలు విప్పి ఎండలో పెట్టి చూస్తే తళుకు ఉంది. అయస్కాంతం తగిలిస్తే అందులో కొంత లేచి అతుక్కుంది. బేరింగు లోహం అయస్కాంతానికి రాదు. లేచిందంటే ఇనుము అరుగుతోంది: క్యామ్ (వాల్వులను ఎత్తే షాఫ్ట్), దాని మీద ఆనే ట్యాపెట్లు, లేదా రింగులు.

దించకుండా చేసి చూసినవి

'మళ్ళీ దించాల్నా సార్? పైపైన ఏమన్నా అయితాదేమో చూడండి' అన్నారు యజమాని. అడగడం న్యాయమే, డబ్బు అప్పుడే ఒకసారి పోయింది. రేడియేటర్‌ను రివర్స్ ఫ్లష్ చేసి, బ్లాక్‌లో డీస్కేలర్ పోసి తిప్పి కడిగాం. ఊళ్ళో తిరిగితే ముల్లు కొంచెం దిగింది. ఘాట్ మీద మూడొంతుల దారి బాగానే ఎక్కి, చివర్లో మళ్ళీ ఎర్ర గీత. మూడు, నాలుగు సిలిండర్ల చుట్టూ గట్టిపడిన మడ్డిని మందు కరిగించలేదు, మెత్తగా ఉన్నదాన్నే తీసుకొచ్చింది. ప్రెషర్ విషయంలో పైనుంచి చేయగలిగింది ఏదీ లేదు. 0.42 ఎండ్ ప్లేతో బండిని నడపనిస్తే క్రాంక్ వెబ్ (పక్క రెక్క) మెయిన్ క్యాప్‌ను (మెయిన్ బేరింగు మూత) తినేస్తుంది, అప్పుడు బ్లాకే పోతుంది. ఆర్సీలో ఉన్న ఇంజన్ నంబరు ఈ బ్లాక్‌దే. ఇది పోతే వేరే ఇంజన్ కొనడంతో ఆగదు, రవాణా శాఖ కార్యాలయంలో ఎక్కించుకునే పని కూడా మీద పడుతుంది. అది చెప్పాక దించడానికి ఒప్పుకున్నారు.

లోపల కనపడింది

సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) తీయగానే ప్రెషర్ కథలో సగం బయటపడింది. పంపు పీల్చే జల్లెడ నిండా బూడిదరంగు సిలికాన్ పేస్ట్ తీగలు. గోరుతో లాగితే రబ్బరులా సాగి వస్తున్నాయి. సంప్ గాస్కెట్‌కు రెండు వైపులా, ట్యాపెట్ సైడ్ కవర్లకు, టైమింగ్ కవర్‌కు పేస్ట్ లావుగా వేసి బోల్టులు బిగించారు. బయటికి వచ్చినంత లోపలికీ వస్తుంది. బయటిది తుడిచేశారు, లోపలిది ఊడి ఆయిల్‌తో పాటు జల్లెడకు చేరింది. ఈ ఇంజన్‌కు కార్క్, పేపర్ గాస్కెట్లు చాలు. మూలల్లో, మెయిన్ క్యాప్ కలిసే చోట పలచగా పూస్తే సరిపోతుంది.

క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు నడి మెయిన్ బేరింగుకు రెండు వైపులా ఉంటాయి. ఆయిల్ గాడులున్న ముఖం క్రాంక్ వైపు చూడాలి. వెనక వైపు వాషర్లు తిరగేసి వేశారు. గాడులు బ్లాక్ వైపు ఉంటే తిరిగే ముఖానికి ఆయిల్ అందదు. క్లచ్ తొక్కిన ప్రతిసారీ క్రాంక్ ఆ పొడి ముఖాన్నే నూరింది. మొత్తం ఇంజన్‌లో అతి చౌక పార్ట్ ఇదే కావచ్చు, బ్లాక్ ప్రాణం మీదికి తెచ్చిందీ ఇదే.

క్రాంక్ బిగ్ ఎండ్ జర్నల్స్ (బేరింగులో తిరిగే గుండ్రటి భాగాలు) 20 సైజుకు, అంటే అసలుకన్నా అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై తక్కువకు గ్రైండ్ చేయించారు. ఈ సైజుకు ఉండాల్సింది 47.14 నుంచి 47.15 మి.మీ. ఒకటి, రెండు, నాలుగు దాదాపు దగ్గరలోనే ఉన్నాయి. మూడోది ఒక చివర 47.11, రెండో చివర 47.08. అంటే గ్రైండింగ్‌లోనే టేపర్ (ఒక చివరకు సన్నబడడం) వచ్చింది. షెల్ వెనక 020 అని ముద్ర ఉంది కాబట్టి సరిపోతుందని వేసేశారు. క్లియరెన్స్ (జర్నల్‌కూ షెల్‌కూ మధ్య సందు) 0.013 నుంచి 0.05 లోపు ఉండాల్సింది అక్కడ 0.09. పైగా జర్నల్, వెబ్ కలిసే మూల గుండ్రంగా లేదు, పదునుగా కోసేశారు. క్రాంక్ పగిలితే ఆ మూలలోనే మొదలవుతుంది. క్రాంక్ లోపలి ఆయిల్ రంధ్రాల్లో తీగ పెట్టి తిప్పితే నల్లటి గ్రైండింగ్ పొడి వచ్చింది. మెయిన్ షెల్స్ మీద గీతలు దానివే.

మూడో పిస్టన్ టాప్ రింగు రెండు ముక్కలైంది, ముక్క గోడను గీరింది. రింగు చివరలు అద్దంలా మెరుస్తున్నాయి. చివరలు మెరిసాయంటే వేడికి రింగు పెరిగి రెండు కొసలు ఒకదానికొకటి కొట్టుకున్నాయని. ఒకటో సిలిండర్ రింగు బోర్‌లో పెట్టి ఫీలర్ గేజ్‌తో చూస్తే గ్యాప్ 0.10 మి.మీ. ఇంకో వేసవి గడిచుంటే అదీ విరిగేది. ఈ బోర్‌కు 0.30 చుట్టూ ఉండాలి. రింగులు డబ్బాలోంచి తీసి నేరుగా వేశారన్నమాట. రెండు పిస్టన్లలో రెండో రింగు తలకిందులుగా ఉంది, పైకి ఉండాల్సిన గుర్తు కిందికి చూస్తోంది. అలా వేస్తే రింగు ఆయిల్‌ను గీకి కిందికి దించే బదులు పైకి తోస్తుంది. బోర్ గోడల మీద అడ్డగీతలు లేవు, బఫ్ చేసినట్టు నున్నగా ఉన్నాయి. కెమెరాకు నున్నటి బోర్ అందంగా కనపడుతుంది, రింగు మాత్రం దాని మీద కూర్చోదు. నీలం పొగకు ఈ రెండూ చాలు. వాల్వ్ గైడ్లు బాగానే ఉన్నాయి.

ఇక రూపాయి బిళ్ళ వీడియో. క్యామ్ కొత్తది, ట్యాపెట్లు పాతవి. కొత్త క్యామ్, ట్యాపెట్ ముఖాలు ఒకదానికొకటి అలవాటు పడేది మొదటి ఇరవై నిమిషాల్లోనే. ఆ సమయంలో ఇంజన్ 1500 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య తిరగాలి. ఐడిలింగ్‌లో వాల్వ్ స్ప్రింగు ఒత్తిడి పూర్తిగా క్యామ్ ముక్కు మీదే పడుతుంది, క్రాంక్ నుంచి చిమ్మే ఆయిల్ దానికి చాలదు. వీడియోలో చూపించిన ఆ నెమ్మదైన పరుగే క్యామ్‌ను తినేసింది. పుష్ రాడ్ మీద డయల్ గేజ్ పెట్టి చూస్తే రెండు లోబ్స్ (క్యామ్ మీది ఉబ్బులు) మిగతావాటికన్నా 1 మి.మీ. పైగా తక్కువ ఎత్తుతున్నాయి. ట్యాపెట్ల అడుగులు రెండు ఎదురెదురుగా ఆనిస్తే కొంచెం ఊగాలి, ఎందుకంటే కొత్త ట్యాపెట్ అడుగు లేశమంత ఉబ్బుగా ఉంటుంది. ఇవి ఊగడం మాట అటుంచి అంచుల మీద కూర్చున్నాయి, మధ్యలో వెలుతురు కనిపించింది. ఫిల్టర్‌లో అయస్కాంతానికి లేచిన ఇనుము ఇక్కడిది.

ఏం చేయాలన్న నిర్ణయాలు

ముందు క్రాంక్‌ను గ్రైండ్ చేయకుండా కాపాడగలమా అని చూశాం. వేరే కంపెనీ 20 సైజు షెల్స్ కొంచెం మందంగా వస్తాయేమోనని తెచ్చి, ప్లాస్టిగేజ్ (నలిగి సందు కొలత చూపించే మెత్తటి తీగ) పెట్టి బిగించి విప్పితే మూడో దాంట్లో 0.08. టేపర్ ఉన్న జర్నల్‌కు ఏ షెల్ వేసినా ఒక చివరే మోస్తుంది. కాబట్టి 30 సైజు. ఒక్క జర్నల్ కోసం నాలుగూ ఎందుకని యజమాని అడిగారు. షెల్స్ సెట్‌గానే అమ్ముతారు. అంతకన్నా ముఖ్యం, ఒకే క్రాంక్ మీద రెండు సైజులుంటే ఇంకో పదేళ్లకు విప్పే మేస్త్రీ మోసపోతాడు. చెన్నైలోని మెషిన్ షాపుకు పంపేటప్పుడు ముందు మాగ్నాఫ్లక్స్ పరీక్ష (అయస్కాంతంతో పగుళ్లు వెతకడం), పగులు లేకపోతేనే గ్రైండింగ్, మూలల గుండ్రం ఇంత ఉండాలని చీటీ రాసి ఇచ్చాం. పగులు లేదు. నాలుగూ 46.89 మి.మీ.కు వచ్చాయి, టేపర్ లేదు. మెయిన్స్ కొలతల్లోనే ఉన్నాయి, పాలిష్ చేసి కొత్త షెల్స్ వేస్తే సరిపోయింది.

బ్లాక్ బోర్లు అప్పటికే 40 సైజు పెద్దవి, అంటే 74.04 మి.మీ. ఇంకా పెద్దది కొడితే సిలిండర్ల మధ్య, నీటి గోడల వైపు లోహం పలచబడుతుంది. అసలే లోపల తుప్పు తిన్న బ్లాక్. నాలుగింటికీ లైనర్లు (బోర్ లోపల దించే కొత్త గొట్టాలు) వేసి స్టాండర్డ్‌కు తేవడం పద్ధతి ప్రకారం మంచిదే, కానీ మూడు పిస్టన్లు నిక్షేపంగా ఉన్నాయి. మూడో బోర్‌కు మాత్రం లైనర్ దించి 40 సైజుకే ఫినిష్ చేయించి, దానికి ఒక కొత్త పిస్టన్‌ను మిగతా మూడింటి బరువుకు సరిచూసి వేశాం. మిగతా మూడు బోర్లలో అరుగుదల 0.03 లోపే కనుక హోనింగ్‌తో (బోర్ గోడను రాళ్ళతో తేలిగ్గా రుద్దడం) అడ్డగీతలు తెప్పించడం చాలు. లైనర్ దించడానికి ముందే కోర్ ప్లగ్గులన్నీ ఊడదీసి వేడి కాస్టిక్ టబ్బులో బ్లాక్ ముంచారు. మూడు, నాలుగు సిలిండర్ల వెనక నుంచి ఉలితో రాలగొట్టిన మడ్డి అరచేతి నిండా వచ్చింది. ఈ పని చివర్లో చేస్తే ఆ మడ్డి కొత్త బేరింగుల్లోకి పోయేది.

క్యామ్, ట్యాపెట్లు కలిపే మార్చాం. ఒకటి మార్చి ఇంకోటి ఉంచడంలో అర్థం లేదు, మొదటిసారి జరిగిందే మళ్ళీ జరుగుతుంది.

ఫిట్టింగ్, మొదటి స్టార్ట్

హోనింగ్ తర్వాత బోర్లను పెట్రోల్‌తో కడగడం చాలామంది అలవాటు. పెట్రోల్ జిడ్డును తీస్తుంది, గ్రిట్‌ను (రాపిడి పొడి) గీతల్లోనే వదిలేస్తుంది. వేడినీళ్ళు, సబ్బు, బ్రష్‌తో తోమి, తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగా ఉండేదాకా కడగాలి. వెంటనే ఆయిల్ రాయాలి, లేకుంటే మన ఉక్కపోతకు గంటలోనే తుప్పు పడుతుంది.

బిగ్ ఎండ్ క్లియరెన్స్ నాలుగింటికీ 0.035 నుంచి 0.04, మెయిన్స్‌కు 0.04 నుంచి 0.045, ఎండ్ ప్లే 0.06, టాప్ రింగు గ్యాప్ 0.28 నుంచి 0.30 వచ్చాయి. టార్క్: మెయిన్స్ 70 పౌండ్ అడుగులు, బిగ్ ఎండ్స్ 35, హెడ్ నట్లు మధ్య నుంచి బయటికి మూడు విడతల్లో 50. క్యామ్ లోబ్స్‌కు, ట్యాపెట్ అడుగులకు అసెంబ్లీ పేస్ట్. జింక్ ఉన్న మినరల్ ఆయిల్ పోసి, ప్లగ్గులు తీసి, గేజ్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టాం. రాకర్ షాఫ్ట్ మీద ఆయిల్ కనపడ్డాకే ప్లగ్గులు పెట్టాం. టైమింగ్ ముందే సరిచూసి పెట్టడం వల్ల ఇంజన్ ఊరికే తిరగకుండా వెంటనే అందుకుంది. ఇరవై నిమిషాలు 2000 దగ్గర కాస్త అటూ ఇటూ మారుస్తూ నడిపి ఆపేశాం, ఆయిల్ మార్చాం. చల్లారాక హెడ్ నట్లు మళ్ళీ చూసి, వేడి మీద వాల్వ్ క్లియరెన్స్ 0.38 పెట్టాం.

రింగులు కూర్చోవాలంటే లోడు కావాలి. మూడో గేరులో 30 నుంచి 60 కి.మీ. దాకా గట్టిగా లాగి, కాలు తీసేసి బండిని దానంతటదే తగ్గనివ్వడం, మళ్ళీ లాగడం. 'కొత్త ఇంజన్, వెయ్యి కిలోమీటర్లు నలభై దాటొద్దు' అని మన దగ్గర అందరూ చెప్పే మాట నున్నటి బోర్లను తయారు చేయడానికే పనికొస్తుంది.

థర్మోస్టాట్ తిరిగి పెట్టాం. కూలంట్ కలిపిన డిస్టిల్డ్ వాటర్ పోశాం, బోరు నీళ్ళు వద్దని యజమానికి చెప్పాం. పాత రబ్బరు పెట్రోల్ హోసులు ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు మెత్తబడి ఉన్నాయి, వాటినీ మార్చాం.

ఫలితం

వేడి మీద 2000 దగ్గర 48 పి.ఎస్.ఐ., ఐడిలింగ్‌లో 20. వెయ్యి కిలోమీటర్ల తర్వాత కంప్రెషన్ నాలుగూ 135, 140 మధ్య. మే నెల మధ్యాహ్నం నలుగురితో భాకరాపేట ఘాట్ ఎక్కినప్పుడు ముల్లు మామూలు చోటు దాటి కొంచెం పైకి వెళ్ళి అక్కడే నిలిచింది. పొగ లేదు. వెనక మెయిన్ దగ్గర రాత్రికి రెండు మూడు చుక్కల ఆయిల్ పడుతోంది. ఆ చోట ఈ ఇంజన్‌కు సీలు ఉండదు, ఆయిల్‌ను తిరిగి లోపలికి తోసే మరగాడి మాత్రమే ఉంటుంది. కింద అట్ట ముక్క పరుచుకోమని చెప్పాం. దాన్ని ఆపడానికి మళ్ళీ సిలికాన్ పూయనివ్వొద్దని కూడా.

దీన్నుంచి పనికొచ్చేవి

ఇప్పటి ఇంజన్లలో పార్ట్ నంబరు సరిగ్గా తెస్తే చాలావరకు ఫిట్ అవుతుంది. ఈ కుర్రాడు నేర్చుకున్నది ఆ పద్ధతి. యాభై ఏళ్ల బ్లాక్‌ను అప్పటికే ఇద్దరు ముగ్గురు లేత్‌వాళ్ళు ముట్టుకుని ఉంటారు, వాళ్ళలో ఎవరి గ్రైండింగ్ ఎంత సరిగ్గా ఉందో షెల్ మీద ముద్ర చెప్పదు. ఇక్కడ కనపడిన తప్పుల్లో చాలావరకు మైక్రోమీటర్, ఫీలర్ గేజ్, డయల్ గేజ్‌తో ఫిట్టింగ్ ముందు ఒక పూటలో దొరికేవి. థ్రస్ట్ వాషర్‌కైతే కన్ను చాలు.

ఆన్‌లైన్‌లో ఇంజన్ చేయించుకునేవాళ్ళు వీడియో బదులు కాగితం అడగాలి. నాలుగు బిగ్ ఎండ్ జర్నల్స్ కొలత ఒక్కోటి రెండు చోట్ల, బోర్లు పైనా కిందా, రింగు గ్యాపులు, ఎండ్ ప్లే, వాడిన టార్క్. చేసినవాడి దగ్గర ఇవి ఉంటే ఫోన్‌లో ఫోటో తీసి పంపడానికి రెండు నిమిషాలు. 'అన్నా, అన్నీ కొత్తవే వేశాను' అన్న జవాబు వస్తే ఇంజన్ పంపకపోవడమే మేలు. మొదటి స్టార్ట్ ఏ స్పీడులో చేశారో కూడా అడగాలి. కోర్ ప్లగ్గుల మీద పాత పెయింట్ పొరలు ఉన్నాయేమో గోరుతో గీకి చూసుకోవాలి.

యజమాని అనుమతితో కొలతల కాగితం, విరిగిన రింగు, జల్లెడ ఫోటోలు ఆ కుర్రాడికి పంపాం. మొదట ఆయిల్ తప్పు పోసుంటారన్నాడు. తర్వాత ఫోన్ చేసి, రింగు గ్యాప్‌ను బోర్‌లో ఎంత లోతున కొలవాలని అడిగాడు. పిస్టన్‌తో రింగును బోర్‌లోకి తోసి, అరుగుదల లేని అడుగు వైపు సమంగా కూర్చోబెట్టి కొలవమని చెప్పాం. లైనర్, మూడో పిస్టన్ ఖర్చు అతనే పెట్టుకున్నాడు. క్రాంక్ గ్రైండింగ్ డబ్బు గురించి అతనికీ యజమానికీ ఇంకా తేలలేదు.